చూడామణి గారి పొగ

ఆశ్వయుజ శుద్ధ సప్తమి, గొడుగు ముప్ఫై నాలుగో ఏడు

గుళికలు: బక్కెట్టున్నర. బూడిద: సోలెడు. పొయ్యి: బాగుంది. నేను: బాగాలేను.

ఈ దినచర్యలో గుళికల మిల్లువాళ్ళు మొదటి మూడు ముక్కలే రాయమన్నారు. నాలుగోది నా సొంతం. బతుకంతా కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. కాగితంమీద ఖాళీ కనిపిస్తే ఊరుకోలేను.

ఇవాళ చూడామణి గారింట్లో కొలువు పేరంటం. ఆవిడ మా కోడలు వాసంతికి తల్లి, నాకు వియ్యపురాలు. కాలవ అవతలి గట్టున, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటారు. ఎదురుగా అని ఎందుకు రాశానో ముందుముందు ఎలాగూ తెలుస్తుంది.

మా చిన్నప్పుడు దసరాకి మెట్లు కట్టి బొమ్మలు పెట్టేవాళ్ళు. ఇప్పుడు మా లంకలో పొయ్యి సామాను పెడతాం. ఎండలు భరించలేక పెద్దవాళ్ళు ఆకాశానికి గొడుగు పట్టారు. పట్టడం నేర్చుకున్నారు, మూయడం నేర్చుకోలేదు. ఎండ లేక, చలికి కొబ్బరిచెట్లన్నీ నిలువునా ఎండిపోయాయి. వాటిని పొట్టు చేసి, గుళికలు కట్టి, ఇంటింటా పొయ్యిలో పోసుకుని బతుకుతున్నాం. చెట్లకి కొదవలేదు. పొయ్యికి ఏదైనా పాడైతే మార్చడానికి సామానే దొరకదు. దొరకని వస్తువుని అలంకరించి నలుగురికీ చూపించుకోవాలని ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆవిడ తొమ్మిది మెట్లు కట్టారు. పై మెట్టుమీద మోటార్లు మూడు, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, జరీ గుడ్డమీద కూర్చోబెట్టారు. కింద గుళికల్ని అంటించే నిప్పుకడ్డీలు వరసగా, వాటి కింద పొగలాగే ఫ్యాన్లు, పొయ్యి తలుపు సందుల్లో కుక్కే తాళ్ళు పూలచెండుల్లా చుట్టలు చుట్టి. నిప్పుగిన్నెల్లో అక్షింతలు.

"రండి వదినగారూ, ఇంతాలస్యమా! మీ కొలువు పని తెమలలేదేమో అనుకున్నా" అన్నారు.

నాది మూడు మెట్లని ఆవిడకి తెలుసు.

"అమ్మో, మూడు మోటార్లే! ఎక్కడివండీ ఇన్ని?" అని వార్డు మెంబరు వీర్రాజు భార్య మంగతాయారు బుగ్గలు నొక్కుకుంది.

"ఏదోనమ్మా. ఇంట్లో ఆడమనిషి కాస్త చూసుకుని వాడుకుంటే అవే మిగుల్తాయి" అన్నారు చూడామణి గారు, నా వేపు చూడకుండా. చూడకుండా అనడంలో ఆవిడకి ఎమ్మే ఇవ్వొచ్చు.

తాంబూలంలో పండుకి బదులు ఫ్యూజు ఇచ్చారు, బంగారు కాగితం చుట్టి. ఇంటికొచ్చి విప్పి చూశాను. మంచిదే. దాంతో ఇంకా ఒళ్ళుమండింది.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

గుళికలు: బక్కెట్టు. బూడిద: సోలెడు. పొయ్యి: మూలుగుతోంది.

తొట్టిలో పోసిన గుళికల్ని మర తిరుగుతూ కొంచెం కొంచెంగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఆ మరని తిప్పే మోటారు నిన్నటినుంచి మూలుగుతోంది. మారుద్దామంటే రెండోది లేదు. కిందటి చలికాలంలో ఒకటి కాలిపోయింది, మార్చాను. కాలిపోయినదాన్ని పారేయడానికి చెయ్యి రాక అలమరలో ఉంచాను.

నా బాధ మోటారు గురించి కాదు. కార్తీక పౌర్ణమి నుంచి ఫాల్గుణ పౌర్ణమి దాకా మిల్లు ఆగదు. మా అబ్బాయి శ్రీకరూ వాసంతీ అక్కడే పని, అక్కడే పడకలు. పిల్లల్ని రానివ్వరు. రెండో తరగతి చదివే మా మనవరాలు హైమ నాలుగు నెలలూ నా దగ్గరుంటుంది. అయితే పిల్లని ఉంచుకునే ఇంట్లో ఐదు వస్తువులూ ఒక్కొక్కటి అదనంగా ఉండాలి: మోటారు, నిప్పుకడ్డీ, ఫ్యాను, తలుపు తాడు, నిప్పుగిన్నె. అది లంక కట్టుబాటు. ఒక్కటి తక్కువైనా పిల్ల వేరే ఇంటికి వెళ్ళాలి.

వేరే ఇల్లు ఏదో చెప్పక్కర్లేదు. తొమ్మిది మెట్లున్న ఇల్లు.

కార్తీక పౌర్ణమి

వీర్రాజు తనిఖీకి వచ్చాడు. నా దగ్గర ఇంటరు రెండుసార్లు చదివాడు, రెండుసార్లూ నాకే కష్టమనిపించింది.

"నమస్కారమండి మేడంగారూ. సామాను చూపిచ్చేత్తే ఎల్లిపోతానండి."

పళ్ళెంలో ఐదూ పెట్టి తెచ్చాను. నాలుగు బతికున్నవి. ఐదోది అలమరలోది. పొద్దున్నే దాన్ని తోమి, పసుపు దట్టంగా పట్టించి, కాలిన మచ్చ ఉన్నచోట సరిగ్గా అంతే కుంకుమ పెట్టాను. పైన చామంతి పువ్వు.

బొట్టు పెట్టిన వస్తువుని తీగలకి తగిలించి తిప్పి చూడడం మా లంకలో అపచారం. ఎవరూ చెయ్యరు. వీర్రాజు ఆ మోటారుని రెండు చేతుల్తో ఎత్తి, కళ్ళకద్దుకుని, పళ్ళెంలో పెట్టాడు.

"మీ ఇంట్లో లచ్చిందేవి ఉందండి" అన్నాడు.

"ఉంది నాయనా. అలిసిపోయి పడుకుంది" అన్నాను.

అర్థంకాలేదు. అతనికి నా దగ్గర అలవాటే.

సాయంత్రం హైమ పెట్టెతో వచ్చింది. రెండు జడలు, ఒక్క వెంట్రుక పైకి లేవకుండా. అమ్మమ్మ వేసిందిట. నేను వేస్తే పిల్ల నడిచే లోపలే ఊడిపోతాయి. విప్పి మళ్ళీ వెయ్యనా అని అడిగాను.

"ఒద్దు మామ్మా, ఇది బావుంది."

గుళికలు ఎన్ని పోశానో రాయడం మర్చిపోయాను. పోశాను లెండి.

మార్గశిర శుద్ధ దశమి

గుళికలు: బక్కెట్టున్నర. పొయ్యి: మూలుగు పెరిగింది. నూనె చుక్క వేస్తే గంటసేపు గౌరవంగా ఉంటోంది.

చూడామణి గారి గొట్టంలోంచి పొగ వస్తోంది. ఎంత పొగ! మాది మేడమీదనుంచి చూస్తే ఉందా లేదా అన్నట్టు, గొట్టంపైన గాలి కాస్త వణుకుతుందంతే. ఆవిడది బూడిదరంగులో, లావుగా, కాలవమీదుగా మా ఇంటివైపే వస్తుంది. మొన్న ఉతికి ఆరేసిన నా శాలువాకి ఆవిడ పొగ వాసన పట్టింది. ఇల్లంతా ఎంత వెచ్చగా ఉంటే అంత పొగ! తొట్టినిండా పోసుకుని, మూడు మోటార్ల ధీమాతో రాత్రీ పగలూ మండిస్తున్నట్టున్నారు. నేను ఇక్కడ పిల్ల పడుకున్నాక మంట తగ్గించి, నేను మాత్రం రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటున్నాను.

రోజూ పొద్దున పళ్ళుతోముకుంటూ మేడెక్కి ఆ పొగ చూడకపోతే నాకు తోచడంలేదు. కాఫీ లేని రోజుల్లో ఇదొక అలవాటు.

మార్గశిర బహుళ పంచమి, ఆదివారం

ఆదివారాలు హైమ అమ్మమ్మ ఇంటికి వెళ్ళి చీకటిపడే ముందు వస్తుంది. చెక్క వంతెన దాటుతుంటేనే పాట వినిపిస్తుంది. నా దగ్గరనుంచి అటు వెళ్ళేటప్పుడు పాడినట్టు ఎప్పుడూ వినలేదు.

"ఏం పెట్టిందే మీ అమ్మమ్మ?"

"రాగి జావ. బెల్లం వేసి."

"నేనూ వేస్తాను బెల్లం."

"అమ్మమ్మ తిప్పుతూ కథ చెప్తుంది మామ్మా. ఇద్దరం ఒకటే దుప్పట్లో కూచుంటాం. మొహం కూడా కప్పేసుకుంటాం, గుహలాగా."

"అంత వెచ్చటి ఇంట్లో దుప్పటెందుకే?"

"గుహ ఆట కదా" అంది పిల్ల, నేనే రెండో తరగతి అన్నట్టు.

అది పడుకున్నాక నాకు వచ్చిన ఒకే ఒక కథ గుర్తుచేసుకున్నాను. న్యూటన్‌ది. అందులో దుప్పటి లేదు.

పుష్య శుద్ధ తదియ

గుళికలు: చేత్తో. బూడిద: నా మొహాన. పొయ్యి: ఆగిపోయింది.

పొద్దున మోటారు కీచుమంది, పొగలు కక్కింది, నిలబడిపోయింది. తలుపు తీసి గరిటెతో గుళికలు ఒక్కొక్క పిడికెడు గిన్నెలో వేస్తూ కూర్చున్నాను. వేసినంతసేపూ మంట ఉంటుంది. లేచి వెళ్తే చల్లారుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఇంట్లోకి పొగ. మధ్యాహ్నానికి హైమ దగ్గడం మొదలుపెట్టింది.

"మామ్మా, నువ్వు పొయ్యికి అన్నం తినిపిస్తున్నావా?"

"అవునే. మారాం చేస్తోంది."

"అలమరలో ఇంకో మోటారు ఉంది కదా? బొట్టు పెట్టింది? అది పెట్టు."

ఏం చెప్పాలి? ఆ మోటారు దేవుడిది అన్నాను. మరి దేవుడిని అడుగు అంది. పిల్లలు ఇలా మాట్లాడేటప్పుడే వాళ్ళకి చదువెందుకు చెప్పించామా అనిపిస్తుంది.

సాయంత్రానికి మా ఇంట్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. హైమకి నా స్వెట్టర్లు రెండూ తొడిగి, పక్కన పడుకోబెట్టుకున్నాను. చలి నాకు పెద్ద లెక్క కాదు. ఎదురింటి పొగే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

పుష్య శుద్ధ చవితి

నిన్న రాసిన చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఎంత తెలివితక్కువదాన్నో ముందుతరాలకి ఆధారం ఉండాలి.

పొద్దున హైమ దగ్గు పెరిగింది. ఒళ్ళు కాస్త వెచ్చబడింది, ఇంట్లో వెచ్చగా ఉన్నది అదొక్కటే. ఇంక పంతం పనికిరాదని శాలువా కప్పుకుని, పిల్లని వెంటబెట్టుకుని వంతెన దాటాను. ఆడపిల్ల తల్లి సారెలో తెచ్చిన సామాను ఎలాగూ వాడేశాం. ఆపైన మగపిల్లాడి తల్లి వెళ్ళి ఇంకొకటి ఇమ్మని అడగడం మా లంకలో ఎవరూ చెయ్యరు. చేస్తే పేరంటాల్లో ఏడాదంతా అదే కబురు. దారంతా ఎలా అడగాలో వాక్యాలు కట్టుకున్నాను. "ఒక మోటారు సర్దుతారా" బాగుంది. "అప్పుగా" బాగాలేదు.

తలుపు కొట్టాను. చాలాసేపటికి సందు మాత్రం తెరిచారు.

"వదినగారా! ఏమిటీ పొద్దున్నే... ఇల్లు తుడుస్తున్నానండీ, తడిగా ఉంది. మధ్యాహ్నం రండి."

ఆవిడ మాటలతోపాటు ఆవిరి వచ్చింది.

హైమ ఆవిడ చంకకింద నుంచి దూరి లోపలికి పోయింది. ఆవిడ పిల్లని పట్టుకోబోయారు, తలుపు పూర్తిగా తెరుచుకుంది.

ఇల్లు మా ఇంటికంటే చల్లగా ఉంది. పొయ్యి తలుపు తెరిచి ఉంది, లోపల నిప్పు లేదు. గొట్టం కింది మూత తీసి, దాని కింద ఇనప మూకుడు పెట్టారు. మూకుట్లో తడి కొబ్బరి పీచు సన్నగా రగులుతోంది. ఆ పొగంతా గొట్టంలోకి పోతోంది. గది మధ్యలో చిన్న కుంపటి, పక్కన దుప్పటి.

నేను మూకుడు వేపు చూశాను. గొట్టం వేపు చూశాను. బాగా మండే పొయ్యికి పొగ రాదు. దీన్ని నల్లబల్లమీద ఎన్ని బ్యాచీలకి రాశానో! తడిపీచు పొగని చూసి నెలన్నర ఉడికిపోయాను.

"ఫ్యాను పోయిందండీ, కార్తీకంలోనే" అన్నారు చూడామణి గారు చివరికి. "పొగ లాగేది లేకపోతే ఇల్లంతా నిండుతోంది. అందుకని..."

"కొలువులో ఫ్యాన్లు వరసగా పెట్టారు కదండీ?"

"అవా..." ఆవిడ కొంగు సర్దుకున్నారు. "అవన్నీ పోయినవేనండీ. మోటార్లు మూడూ కూడా. మంచిది పొయ్యిలో ఉన్నదొక్కటే."

"మరి ఈ పొగెందుకండీ, తడిపీచు వేసి మరీ? ఎవరు చూడాలని?"

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశారు.

"రోజూ పొద్దున మేడెక్కుతారు కదా వదినగారూ. మీ కోసమే వేసేదాన్ని."

నేను వెళ్ళి కుంపటి పక్కన కూర్చున్నాను.

"మా మోటారు పోయింది" అన్నాను. "పళ్ళెంలో పెట్టింది కూడా పోయినదే."

"అదే అనుకున్నా. అంత పెద్ద బొట్టు మంచి మోటారుకి ఎవరు పెడతారండీ?"

ఇద్దరం నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో గానీ, అప్పటికే ఇద్దరి బుర్రలూ ఒకే లెక్క వేస్తున్నాయి. నా పొయ్యిలో ఫ్యాను మంచిది. అలమరలో ఇంకో మంచి ఫ్యాను ఉంది. ఆవిడ పొయ్యిలో మోటారు మంచిది. కలిపితే ఒక పొయ్యి. ఏ ఇంట్లో?

"మీ ఫ్యాను తీసుకురండి, ఇక్కడ బిగిద్దాం" అన్నారావిడ. "పిల్లకి ఈ ఇల్లు అలవాటు."

"ఆదివారాలు అలవాటు. మిగతా రోజులు అక్కడ అలవాటు. మీ మోటారు తీసుకురండి."

"పిల్ల జలుబుతో ఉంది, వంతెన దాటించడం ఎందుకు?"

"దాటించే తెచ్చాను కదండీ."

"ఆ ఇంట్లో జడ కూడా ఎవరూ సరిగా వెయ్యరుట."

"ఎవరన్నారు?"

హైమ దుప్పట్లో దూరి మొహం కప్పేసుకుంది. గుహలోంచి దగ్గు వినిపించింది.

దగ్గు విన్నాక ఇద్దరం మాటలు ఆపి స్క్రూడ్రైవర్ వెతికాం. ఆవిడ పొయ్యిలో పాడైన ఫ్యాను తుప్పుపట్టి గొట్టానికి అతుక్కుపోయింది. నేను లాగాను, ఆవిడ లాగారు, ఇద్దరం కలిసి లాగాం. రాలేదు. మోటారు మాత్రం రెండు స్క్రూలు విప్పగానే చేతిలోకి వచ్చింది. అంటే నిర్ణయం ఇనుము చేసింది, నేను కాదు. నా సంతోషం మొహంలో కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

చూడామణి గారు మోటారుని కొంగులో మూటకట్టుకున్నారు. తర్వాత గదిలోకి వెళ్ళి పరుపు చుట్టతో వచ్చారు.

"అదెందుకండీ?"

"మోటారు నాది. దాన్ని ఒక్కదాన్నే పంపను" అన్నారు.

పుష్య శుద్ధ సప్తమి

గుళికలు: రెండు బక్కెట్లు. బూడిద: సోలెడు. పొయ్యి: బ్రహ్మాండం. దగ్గు: తగ్గింది. నేను: ఏమని రాయను?

ఆవిడ మోటారు మూలగదు. నా పొయ్యిలో కూర్చుని సన్నగా పాడుతూ తిరుగుతుంది. "అమ్మమ్మ మోటారు ఎంత బాగా తిరుగుతోందో" అంటుంది హైమ. తొట్టి నాది, మర నాది, ఫ్యాను నాది, గొట్టం నాది, కూర్చున్న ఇల్లు నాది. పేరు మోటారుది.

ఆవిడ వంటింట్లో నా డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దారు. అడిగితే, "ఊరికే కూచోలేక" అన్నారు. నేను వాటిని అక్షరక్రమంలో పెట్టుకున్నానని చెప్పాను. "వంటింట్లోనా?" అన్నారు. పొద్దున హైమకి ఆవిడ రెండు జడలు వేస్తుంటే నేను పక్కన కూర్చుని, చూడనట్టుగా, ఏ పాయ ఎటు వేస్తున్నారో చూశాను.

పుష్య శుద్ధ నవమి

వీర్రాజు వచ్చాడు. ఎదురింటి గొట్టంలో పొగ ఆగిపోయిందని ఎవరో చెప్పారుట. వాకిట్లో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మగారు ఇక్కడున్నారేంటండీ?"

ఆవిడ నోరు తెరిచేలోగా నేనే అన్నాను. "వీర్రాజూ, పౌర్ణమినాడు నువ్వు కళ్ళకద్దుకున్న మోటారు చచ్చిపోయింది. అప్పటికే చచ్చింది. వాళ్ళవీ అంతే."

అతని మొహం వాడిపోయింది. మేం అబద్ధం చెప్పినందుకు కాదు, ఇప్పుడు తనేదో చెయ్యాల్సి వచ్చినందుకు.

"అయ్యబాబోయ్. ఎందుకు చెప్పారండీ? ఇప్పుడు పిల్లని యేరే ఇంటికి పంపాలండి. ఆ యేరే ఇంట్లోనూ లేదంటున్నారు."

నేను హైమ చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి ఎవరు పట్టుకున్నారో చూడక్కర్లేదు.

వీర్రాజు చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. ఇంటరులో ఎప్పుడూ అంతసేపు ఆలోచించలేదు.

"ఒకటుందండి. పొయ్యి దగ్గర ఇద్దరు పెద్దోళ్ళు కాపలా ఉండేట్టయితే, వంతులేసుకుని చూసుకుంటే, ఒక వస్తువు తక్కువైనా పర్లేదని కట్టుబాట్లో ఉందండి. అయితే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలండి, ఫాల్గుణం దాకా. ఒక్కరు ఎల్లిపోయినా కుదరదండి."

అంటే ఈవిడ ఇక్కడుంటేనే పిల్ల ఇక్కడుంటుంది.

"ఉంటాను. నాకేం ఇబ్బంది లేదు" అన్నారు చూడామణి గారు, నాకు ఎంత ఇబ్బందో లెక్కవేస్తూ.

"ఉండండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు సెమిస్టరంత సమయం పట్టింది.

పుష్య బహుళ పాడ్యమి

గుళికలు: రెండు బక్కెట్లు. పొయ్యి: బాగుంది.

పగటి వంతు నాది, రాత్రి వంతు ఆవిడది. మధ్యలో దెబ్బలాటకి ఇద్దరికీ తీరిక ఉంటుంది. నిన్న నేను జడ వేశాను. సాయంత్రం దాకా నిలబడింది. చూడామణి గారు వెనకనుంచి చూసి, "ఫరవాలేదు" అన్నారు. ఆవిడ నోట అది పొగడ్తే అనుకుంటాను. ఆవిడ రాత్రి కథ చెప్తుంటే నేను అడ్డం వచ్చి రాక్షసుడి బరువు అంతుంటే మంచం విరిగిపోతుందని చెప్పాను. హైమ పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నాకు రెండు మార్కులు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక హైమ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాం ఇద్దరం.

"మంగతాయారు అత్త వాళ్ళింటికి."

"ఎందుకే? ఇక్కడ వెచ్చగా లేదా?"

"ఉంది మామ్మా. వాళ్ళ కొత్త పొయ్యికి అద్దం తలుపు వచ్చింది. లోపల మంట కనిపిస్తుంది, గుళికలు పడుతుంటే మెరుస్తాయి. అందరం ముందు కూచుని చూస్తాం."

"మన పొయ్యిలోనూ మంటే ఉంది కదమ్మా" అన్నారు చూడామణి గారు.

"కనపడదుగా అమ్మమ్మా" అని, గడప దాటి పరిగెత్తింది. పాట పాడుకుంటూ.

మేమిద్దరం కిటికీ దగ్గరికి వెళ్ళాం. వీధి చివర మంగతాయారు ఇంటి తలుపు తెరుచుకుంది, పిల్లని లోపలికి తీసుకుంది, మూసుకుంది.

"అద్దం తలుపుట" అన్నారావిడ.

"వేడంతా అద్దంలోంచే పోతుంది" అన్నాను.

"మసి పడితే రోజూ తుడుచుకోలేక చస్తుంది."

"ఒక్క గులకరాయి తగిల్తే చాలు."

"వార్డు మెంబరు పెళ్ళాం కాబట్టి దొరికింది. మనకెవరిస్తారు?"

"ఎవరిస్తారు!"

ఆవిడ తన శాలువా కొస నా భుజంమీద కూడా కప్పారు. కిటికీ దగ్గర గాలి వస్తోంది మరి. హైమ వచ్చేదాకా అక్కడే నిలబడి, మంగతాయారు గురించి ఇంకా చాలా అనుకున్నాం. ఇంత హాయిగా ఈ చలికాలంలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.